పిల్లల ఇసక పారలు, బకెట్ సెట్లు: కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచులకి ఏది పట్టుకెళ్ళొచ్చు, ఏది కూడదు

కార్తీకమాసం మొదలైతే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆదివారం వ్యాన్లు, ఆటోలు సముద్రం దారి పడతాయి. కళింగపట్నం, మొగదలపాడు, భావనపాడు, బారువ, అక్కుపల్లి దగ్గరి శివసాగర్ బీచ్. విజయనగరం వైపయితే చింతపల్లి, ముక్కాం, కోనాడ. సంక్రాంతి సెలవుల దాకా ఇదే వరస. వంట గిన్నెలు, నీళ్ళ టిన్నులు, చాపలు సర్దుతుంటే పిల్లలు గుర్తుచేసే సామాను ఒక్కటే, ఇసకలో ఆడుకునే పారా బకెట్టూ. ఇప్పుడవి నాలుగు రకాలుగా దొరుకుతున్నాయి. వల సంచిలో వచ్చే ప్లాస్టిక్ సెట్టు, పొడుగు కర్ర ఉన్న పెద్ద ప్లాస్టిక్ పార, హార్డ్‌వేర్ షాపుల్లోనూ మొక్కల నర్సరీల్లోనూ అమ్మే ఇనప చేతిపార, ఆన్‌లైన్‌లో వచ్చే మడత పార. రంగు, గట్టితనం, ధర తర్వాత చూద్దాం. ఈ నాలుగింటినీ ముందు ఒక్క ప్రశ్నతో తూచాలి: ఇది పిల్లాడి చేతికిస్తే వాడు ఎంత లోతు దాకా పోగలడు?

నీళ్ళ దగ్గర అందరం జాగ్రత్తగానే ఉంటాం. పిల్లాడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగితే పది గొంతులు కేకేస్తాయి. అదే పిల్లాడు ఒడ్డున నడుం లోతు గొయ్యి తవ్వి అందులో కూర్చుంటే దగ్గరికెళ్ళి ఫోటో తీస్తాం. ఆ గొయ్యి కూలితే ఏమవుతుందో లెక్కలున్నాయి. 2007లో అమెరికా వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వైద్యులు, అంతకు ముందు పదేళ్ళలో ఇసక గోతులు కూలి పిల్లలు, కుర్రాళ్ళు కూరుకుపోయిన 52 ఘటనల వివరాలు ప్రచురించారు. ఎక్కువ అమెరికావి, కొన్ని బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌వి. 31 మంది చనిపోయారు. వయసు 3 నుంచి 21 ఏళ్ళు, సగటు 12. 52లో 45 మంది మగపిల్లలు. గోతుల లోతు 2 అడుగుల నుంచి 12 అడుగుల దాకా ఉంది. 2 అడుగులు అన్న మాట దగ్గర కాస్త ఆగండి. అది అయిదేళ్ళ పిల్లాడి నడుం.

2024 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో ఏడేళ్ళ పాప ఇలాగే పోయింది. గొయ్యి అయిదడుగుల దగ్గర. తొమ్మిదేళ్ళ అన్న ఛాతీ దాకా కూరుకుని బతికాడు. చుట్టూ ఇరవై మంది దాకా పెద్దవాళ్ళు చేతులతో, ప్లాస్టిక్ బకెట్లతో తవ్వుతూనే ఉన్నారు, తవ్విన చోటికి ఇసక మళ్ళీ జారుతూనే ఉంది. మన తీరాల్లో ఇసక మరో రకంగా ప్రవర్తించదు.

ఎందుకు కూలుతుందో తెలిస్తే ఏ పార కొనాలో దానంతట అదే తేలిపోతుంది. పిచ్చిక గూడు కట్టని పిల్లలు మన దగ్గర ఉండరు. పాదం మీద తడి ఇసక కుప్పేసి, అరచేత్తో తట్టి తట్టి, మెల్లగా కాలు లాగితే గూడు నిలబడుతుంది. రేణువుకీ రేణువుకీ మధ్య ఉన్న సన్నటి నీటి పొర రెండిటినీ దగ్గరికి లాగి పట్టుకోవడమే అందులో కిటుకు. ఆ నీరు ఆరిపోతే పట్టు పోతుంది. నీరు ఎక్కువై సందులన్నీ నిండినా పట్టు పోతుంది. అందుకే పొడి ఇసకతో గూడు రాదు, అల తాకిన గూడు నిలవదు.

గోతి గోడదీ అదే సంగతి. తవ్విన కాసేపూ నున్నగా, నిటారుగా, సిమెంటు చేసినట్టు కనిపిస్తుంది. ఎండా గాలీ తగిలిన కొద్దీ పైనుంచి ఆరుతూ వస్తుంది. వేలితో గీస్తే తడి రంగు ఇసక మీద తెల్లటి పొడి పొర లేచి, సన్నగా ధార కట్టి కిందికి కారుతుంది. అడుగున ఊట నీరు చేరితే గోడ పాదం మెత్తబడుతుంది. పైన ఆరింది, కింద నానింది, గట్టు మీద పిల్లలు తవ్విపోసిన ఇసక కుప్ప కూర్చుంది, ఆ కుప్ప పక్కన ఫోన్ పట్టుకుని ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఇక కూలడానికి కొత్తగా ఏదీ జరగక్కర్లేదు. మట్టి గోడయితే ముందు పగులు చూపిస్తుంది, పెళ్ళలు రాలుస్తుంది. ఇసక చాలాసార్లు ఆ పాటి కబురు కూడా చెప్పదు.

పొడి ఇసక కుప్ప పోస్తే దాని వాలు 30 నుంచి 35 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అంతకంటే నిటారుగా నిలబడ్డ ఇసక ఏదైనా తడి ఇచ్చిన అప్పు మీద నిలబడ్డదే. వంశధార, నాగావళి ఇసకలో చెలమలు తీసే ఆడవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. చెలమ నోరు పళ్ళెంలా వెడల్పుగా తీస్తారు, నుయ్యిలా నిటారుగా తియ్యరు.

బరువు లెక్క కూడా చూడండి. ఘనమీటరు పొడి ఇసక దాదాపు 1,600 కిలోలు తూగుతుంది, తడిస్తే 1,900 దాటుతుంది. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న గుండ్రటి గోతిలోంచి బయటికొచ్చేది 0.78 ఘనమీటరు. అంటే టన్నుంపావు నుంచి టన్నున్నర. మన తీరంలో దీనికి తోడు నల్లిసక ఉంది. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం వైపు అల వెనక్కి పోయాక ఒడ్డున నల్లటి, ముదురెరుపు చారలు కనిపిస్తాయే, అవి ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు. మామూలు తెల్లిసక రేణువు నీటికి 2.65 రెట్లు బరువైతే ఇల్మనైట్ రేణువు నాలుగున్నర రెట్లు. చారలు ఎక్కువున్న చోట అదే బకెట్టు చేతికి బరువుగా తగులుతుంది, పిల్లల్నే ఎత్తి చూడమనండి.

ఛాతీ చుట్టూ ఇసక పడితే మొహం పైనే ఉన్నా ప్రమాదమే. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కొంచెం లోపలికి పోతుంది, ఆ సందులోకి ఇసక జారి సర్దుకుంటుంది. మళ్ళీ పీల్చుకోవడానికి ఛాతీకి చోటు ఉండదు. తల కూడా మునిగితే చేతిలో ఉన్నవి నిమిషాలే. నాలుగు నుంచి ఆరు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కళింగపట్నం నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి ఎంత వేగంగా పోయినా అరగంట తక్కువ పట్టదు. కాపాడేది పక్కనున్నవాళ్ళే, లేదా గొయ్యి లోతుగా లేకపోవడమే.

అమెరికా బీచ్ లైఫ్‌గార్డుల సంఘం చెప్పే కొలత సూటిగా ఉంటుంది. గుంపులో అందరికంటే చిన్న పిల్ల మోకాలు ఎంత ఎత్తో, గొయ్యి అంతకు మించి లోతు ఉండకూడదు. మూడేళ్ళ పిల్ల మోకాలు సుమారు 25 సెంటీమీటర్లు, అయిదేళ్ళకి 30 దగ్గర, పదేళ్ళకి 40 దగ్గర. పదేళ్ళవాడు తవ్వుతున్నా పక్కన మూడేళ్ళ చెల్లి ఉంటే కొలత చెల్లిదే. కింది రివ్యూలన్నిటికీ ఇదే గీటురాయి.

మొదట వల సంచి సెట్టు. శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో బొమ్మల కొట్లలోనూ, సీజన్లో బీచ్ దగ్గర చిన్న చిన్న అంగళ్ళలోనూ దొరికేది ఇదే. లీటరున్నర పట్టే బకెట్టు, జానెడు పార, చిన్న దంతె, జల్లెడ, తాబేలు, చేప, కోట ఆకారాల అచ్చులు. ఊరిని బట్టి, ముక్కల్ని బట్టి నూటయాభై నుంచి మూడొందలు చెప్తారు. పార బలహీనం. పిడీ పలకా కలిసే మెడ దగ్గర విరుగుతుంది, గట్టి తడి ఇసకలో గుచ్చి వెనక్కి వంచితే వంగిపోతుంది. మామూలు రివ్యూ అయితే దీనికి మార్కులు కొయ్యాలి. మేము అదే కారణంతో మార్కులు వేస్తాం. ఇందాకటి మీటరు గొయ్యిలో ఉన్న ఇసక ఈ బకెట్టుతో తోడాలంటే 520 బకెట్లు కావాలి. ఆరేళ్ళ పిల్లాడు ముప్పై బకెట్లకి విసిగి కోట కట్టడానికి పోతాడు. సామాను తనంతట తానే ఒక హద్దు గీస్తుంది.

సెట్టు కొనేటప్పుడు చూడాల్సినవి వేరే ఉన్నాయి. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సంచి మీద అట్టముక్కని తిప్పి చూడండి, గుర్తు లేని సెట్టు పక్కన పెట్టండి. బకెట్టు అంచు మీద బొటనవేలు చుట్టూ తిప్పితే అచ్చు కలిసిన చోట గరుకు గీత తగులుతుంది, అది పదునుగా ఉంటే పసి చేతులు కోసుకుంటాయి. హ్యాండిల్ కొక్కేలు వేలితో లాగి చూడండి, తడి ఇసక నిండితే బకెట్టు రెండున్నర కిలోలు దాటుతుంది, మొదట ఊడేది అక్కడే. ఎండలో ఏడాది పడేసిన సెట్టు తెల్లబారి పెళుసెక్కుతుంది, విరిగిన ముక్క ఇసకలో కనబడదు, కాలికి గుచ్చుకుంటుంది. ఏటా కొత్తది కొనక్కర్లేదు, ఇంటికి తెచ్చి మంచినీళ్ళతో కడిగి నీడన పెడితే చాలు. మార్కులు 5కి 4. ఆ తగ్గిన ఒకటి ఐఎస్ఐ గుర్తు లేని సరుకు ఇంకా బజార్లో కనిపిస్తున్నందుకు.

రెండోది పొడుగు కర్ర ప్లాస్టిక్ పార. పిడితో కలిపి 60 నుంచి 75 సెంటీమీటర్లు. నిలబడి తవ్వొచ్చు కాబట్టి ఏడెనిమిదేళ్ళ పిల్లలకి భలే నచ్చుతుంది. చిక్కు కూడా ఆ నిలబడి తవ్వడంలోనే ఉంది. చిన్న పారతో కూర్చుని తవ్వే పిల్లాడికి చెయ్యి అందినంతే లోతు. ఇది చేతిని అరగజం పొడిగిస్తుంది, కాలితో పలకని తొక్కొచ్చు, ఇద్దరు వంతులేసుకుంటే మోకాలు ఎప్పుడు దాటిందో తెలియదు. తెలిసే లోపు ఒకడు గోతిలోకి దిగి లోపల్నుంచి తవ్వుతుంటాడు.

దీన్ని పనికొచ్చేలా చెయ్యడానికి ఓ ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్ట చాలు. మీ గుంపులో చిన్న పిల్లని చదునైన చోట నిలబెట్టి, పార పలక మొనని నేలకి ఆనించి పక్కన నిలబెట్టండి. మోకాలు ఎక్కడికొస్తే అక్కడ కర్రకి టేపు రెండు చుట్లు వెయ్యండి. తవ్వేటప్పుడు మధ్య మధ్యలో పారని గోతి నడిమధ్య నిలువుగా పెట్టి చూడాలి. టేపు చుట్టూ ఉన్న నేల మట్టానికి వచ్చిందంటే తవ్వడం ఆపాలి. నేల మట్టం అంటే అసలు నేల, తవ్విపోసిన కుప్ప మీదనుంచి కొలవకూడదు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇది అప్పజెప్పి చూడండి, కొలతగాడి పని వాడికి తవ్వడం కంటే ఇష్టంగా ఉంటుంది. టేపు ఉంటే 5కి 3, లేకపోతే 2.

మూడోది ఇనప చేతిపార. కుండీల్లో మొక్కలు నాటడానికి వాడే అరచేతంత సామాను. చిన్నదే కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. దీంతో పిల్లలు కిందికి కాదు, పక్కకి తవ్వుతారు. కొన పదునుగా ఉండటంతో తడి గోడని వెన్నలా కోస్తుంది, రెండు గోతుల్ని కలిపే సొరంగం చెయ్యడానికి ఇంతకంటే అనువైన సామాను లేదు. సొరంగం పైకప్పుకి ఆధారం ఏమీ ఉండదు, తడి పట్టు ఒక్కటే. అందులోకి పిల్లాడు తల ముందు పెట్టి పాకుతాడు, చేతులు ముందుకి చాపి ఉంటాయి, కూలితే వెనక్కి రావడానికి కాళ్ళకి ఆనిక దొరకదు, బయట కనిపించేది అరికాళ్ళే. ఒక్కోసారి అదీ ఉండదు. కూలాక పైన ఇసక చదునుగా పరుచుకుని, కింద పిల్లాడున్నాడని చెప్పే గుర్తే మిగలదు.

ఇదే ప్రమాదం గట్లకీ ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తీరం దాటింది శ్రీకాకుళం జిల్లాలోనే. తుఫాను వచ్చినప్పుడల్లా, పెద్ద అలలు లేచినప్పుడల్లా ఒడ్డున ఇసక కోసుకుపోయి, సరుగుడు తోటల ముందు నిలువు గట్లు పడతాయి. కింద నీడగా, చల్లగా ఉంటుంది. పిల్లలు ఆ గట్టులోకి గుహలు తవ్వుతారు. పైన సరుగుడు వేళ్ళు వేలాడుతూ గట్టిగా పట్టుకున్నట్టే కనిపిస్తాయి. అవి పై మూరెడు ఇసకనే పట్టుకుంటాయి, కింద గుహ పైకప్పుని పట్టుకోవు. మోకాలి కొలత ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే బరువు పక్కన కాదు, తల మీద ఉంది. నిలువు గట్టు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో కూర్చోబెట్టండి. చేతిపారకి మార్కులు 5కి 1. కుండీల దగ్గర బంగారం లాంటి సామాను, బీచికి వద్దు.

నాలుగోది మడత పార. కారులో వెళ్ళేవాళ్ళు కొంటున్నారు. ఇనప పలక, మరలు తిప్పి బిగించే మెడ, కొన్నిటికి వెనక గునపం మొన, రంపం పళ్ళు. సామానుగా చూస్తే మంచి పనితనమే. టైరు ఇసకలో దిగబడితే దీన్ని మించింది లేదు. చిక్కేమిటంటే ఇది డిక్కీలోంచి దిగి మగపిల్లల చేతుల్లోకి పోతుంది, బాబాయిలు, మామయ్యలు కూడా ఓ చెయ్యి వేస్తారు. ఒక్క ఊపుకి రెండు లీటర్ల ఇసక వస్తుంది. నాలుగొందల ఊపులకి మీటరు గొయ్యి తయారు. వంతులేసుకుంటే గంట కూడా పట్టదు. పన్నెండేళ్ళవాడు ఛాతీ లోతులో నిలబడి పైకి ఇసక విసురుతుంటే చూడటానికి సరదాగానే ఉంటుంది. ఆ విసిరిన టన్ను ఇసక గోతి అంచునే కూర్చుని ఉంటుంది.

భవన నిర్మాణంలో పునాది గోతులకి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 3764. కందకం 1.5 మీటర్లు దాటితే పక్కలకి చెక్కలు, ఊతలు వెయ్యాలంటుంది. అది పెద్దవాళ్ళు పనిచేసే చోట చెప్పిన మాట. ఊతల్లేని పొడిబారే ఇసకలో, నాలుగడుగుల పిల్లాడికి ఆ లోతులో మూడో వంతు కూడా ఎక్కువే. అమెరికాలో మిర్టిల్ బీచ్ అనే ఊళ్ళో ఒడ్డున 2 అడుగులు మించి తవ్వకూడదు, ఇనప పారలు తేకూడదు అని చట్టమే చేసుకున్నారు. మనకి అలాంటి బోర్డులు లేవు కాబట్టి ఆ పని డిక్కీ తాళం చెయ్యాలి. కారు కోసమైతే 5కి 4, పిల్లల చేతికైతే సున్నా.

డబ్బు పెట్టి కొననివి కూడా ఉన్నాయి. కొబ్బరి చిప్ప, పాత స్టీలు గిన్నె, ఐస్‌క్రీం డబ్బా. తవ్వడానికి నెమ్మది, గూళ్ళు కట్టడానికి చక్కన. వల సంచి సెట్టుకి ఏమాత్రం తీసిపోవు.

సామాను సరైనదైనా తవ్వే పద్ధతి తెలియాలి. గొయ్యి లోతుకి మూడింతల వెడల్పు ఉండాలి. అడుగు లోతు కావాలంటే మూడడుగుల పళ్ళెం తియ్యండి. తీసిన ఇసక అంచున పొయ్యకుండా రెండడుగులు దూరంగా పొయ్యాలి, పిల్లలకి అదే కోటకి పనికొస్తుంది. అంచున పెద్దవాళ్ళు నిలబడకూడదు, 60 కిలోల మనిషి అడుగు పెట్టిన చోటే గోడ జారుతుంది. చూడాలనుకుంటే మూడడుగుల దూరంలో కూర్చోండి. తవ్వుతుంటే అడుగున నీరు ఊరిందా, లోతు మోకాలికి రాకపోయినా ఆ గొయ్యి అయిపోయినట్టే. ఇసకలో కప్పే ఆటంటే పిల్లలకి ప్రాణం. కాళ్ళు కప్పండి, పొట్ట దగ్గర ఆగండి, ఛాతీ మీద ఒక్క బకెట్టు కూడా వద్దు. గోతిలో పడుకోబెట్టి కప్పడం మోకాలి లోతులో కూడా వద్దు. అన్నం పిలుపు రాగానే అందరూ చాప దగ్గరికి పరుగెత్తుతారు, సగం తవ్విన గొయ్యి అలాగే ఉంటుంది, పక్క గుంపులో మూడేళ్ళ పిల్ల అటే నడుచుకుంటూ వస్తుంది. భోజనానికి లేచే ముందే పూడ్చాలి.

ఇంత చెప్పినా ఎక్కడో ఒక చోట కూలుతుంది. అప్పుడు ఏం చెయ్యాలో వరసగా తెలిసి ఉండాలి.

పిల్లాడు చివరగా కనిపించిన చోట ఒక చెప్పో తువ్వాలో పడెయ్యండి. అరనిమిషం తర్వాత ఆ చోటు ఎక్కడో ఎవరికీ గుర్తుండదు. ఒక మనిషికి వేలు చూపించి పేరు పెట్టి చెప్పండి, 108కి ఫోన్ చెయ్యమని. ఇంకొకర్ని బోట్ల దగ్గరికి పంపండి. మత్స్యకారుల దగ్గర తట్టలు, చేపల గంపలు, ప్లాస్టిక్ టబ్బులు, పలకలు ఉంటాయి, చేతులూ ఉంటాయి.

తవ్వేవాళ్ళు నలుగురైదుగురే మధ్యలో ఉండాలి. మిగతావాళ్ళు వెనక్కి. చుట్టూ గుమిగూడితే వాళ్ళ బరువుకే ఇంకో గోడ జారుతుంది. నిటారుగా కిందికి తవ్వితే తీసినంత మళ్ళీ నిండుతుంది. పక్కనుంచి వాలుగా, కుక్క తవ్వినట్టు ఇసకని కాళ్ళ సందుల్లోంచి వెనక్కి లాగాలి. వెనక రెండో వరస ఆ ఇసకని ఇంకా దూరం తొయ్యాలి. తల దగ్గర చేతులు, ప్లాస్టిక్ గిన్నెలు, పళ్ళాలు, బకెట్లు మాత్రమే. మడత పార ఇక్కడ కూడా వద్దు, మొన ఎక్కడ దిగుతుందో తెలియదు.

తల, ఛాతీ ముందు బయటికి రావాలి. కాళ్ళు తర్వాత. మొహం కనిపించగానే ముక్కు, నోటిలో ఇసక వేలితో తీసి, పైన మళ్ళీ జారకుండా ఐస్‌బాక్సు మూతో, చాపో, పడవ పలకో అడ్డం పెట్టి ఒకరు పట్టుకోవాలి. చేతులు పట్టి లాగొద్దు. నడుం దాకా ఇసకలో ఉన్న పిల్లాణ్ణి లాగితే రాడు, భుజం కీలు ఊడుతుంది.

ఊపిరి లేకపోతే చదునుగా, గట్టి నేల మీద పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో అరచేతి మడమతో, పిల్లాడి ఛాతీ మందంలో మూడో వంతు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి 30 నొక్కుళ్ళకి రెండుసార్లు నోటితో ఊపిరి ఊదాలి. ఇక్కడ గుండె ఆగేది ఊపిరాడకే కాబట్టి ఊదడం వదిలెయ్యకూడదు. 108 వచ్చేదాకా ఆపొద్దు. తేరుకుని కూర్చుని మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళి తీరాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఇసక గంటల తర్వాత కూడా ఇబ్బంది పెడుతుంది.

చివరగా సెట్టులోని దంతె గురించి. అందరూ తేలిగ్గా చూసే ముక్క అది, సంచిలోంచి తీసేవాళ్ళే తక్కువ. పూడ్చే పనికి దాన్ని మించింది లేదు. పెద్ద పార కుప్పని గోతిలోకి దొర్లిస్తుంది, చిన్న దంతె అంచుల్ని లోపలికి గీకి వాలు చేస్తుంది, పిల్లలే ఆడుతూ చేసేస్తారు. జనవరి నుంచి ఈ తీరానికి రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వేసవి మొదట్లో పిల్లలు బయటికొచ్చి సముద్రం వైపు పాకుతాయి. రెండంగుళాల తాబేలు పిల్లకి అడుగు గొయ్యి దాటలేని గోడ. చీకట్లో వల భుజానేసుకుని బోటు దగ్గరికి నడిచే మనిషికీ అది కాలు విరిగే గొయ్యే. పొడి ఇసకతో పూడ్చి వదిలెయ్యకండి, అది పైకి చదునుగా కనిపించి కాలు వెయ్యగానే దిగిపోతుంది. సగం నింపాక రెండు బకెట్లు సముద్రపు నీళ్ళు పోసి, మిగతాది నింపి, మళ్ళీ నీళ్ళు పోసి పెద్దవాళ్ళెవరైనా నిలబడి తొక్కండి. మడమ దిగుతుంటే ఇంకో నాలుగు బకెట్ల ఇసక కావాలి.